అమ్మ పేరున పరిగెడతానంటే నాన్న మాట్లాడటం మానేశారు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాం. బ్యాంకు ఉద్యోగం, ఒక పాప. ఏడు నెలల కిందట అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆవిడకు 59. డిసెంబరులో బీచ్ రోడ్డులో జరిగే మారథాన్‌లో అమ్మ పేరున 42 కిలోమీటర్లు పరిగెత్తి, విరాళాలు పోగుచేసి క్యాన్సర్ పేషెంట్లకు ఇవ్వాలనుకున్నాను. ఇంకా రెండు నెలలుంది. ప్రస్తుతం 8 కిలోమీటర్లు పరిగెత్తగలుగుతున్నాను. మోకాలు నొప్పెడుతోంది కానీ ఆపను. అమ్మ కీమోలో పడ్డ బాధ ముందు ఇదెంత?

టీషర్టు మీద అమ్మ ఫొటో, కింద జబ్బు పేరు వేయించాను. అది చూసి నాన్న నాతో మాట్లాడటం మానేశారు. ఆయన స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు, కూర్మన్నపాలెంలో ఒక్కరే ఉంటారు. "మీ అమ్మ ఎవరికీ చెప్పొద్దన్నాది. ఇప్పుడు చొక్కా మీద అచ్చేయించుకుని ఊరంతా తిరుగుతావేటే?" అన్నారు. నిజమే, బంధువులకు గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాం. అనకాపల్లిలో, విజయనగరంలో ఉన్న పిన్నులకు కూడా అసలు సంగతి తెలియదు. అన్నయ్య హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "ఆ డబ్బేదో నేనిస్తాను, ఈ పరుగులెందుకు" అంటాడు. ఏడాది తిరక్కుండా ఇలాంటివి చేయకూడదని మేనత్త గొడవ.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. గడ్డ తగిలినప్పుడు అమ్మ మొదట నాకే చెప్పింది. బ్యాంకులో ఆడిట్ నడుస్తోంది. "ఆదివారం డాక్టరుకు చూపిద్దాంలే" అన్నాను. ఆ ఆదివారం వెళ్ళలేదు. వెళ్ళేసరికి నాలుగు నెలలైంది.

జవాబు: ముందు మీ మేనత్తగారి మాట తేల్చేద్దాం, అది చిన్నది. ఏడాది నియమాలు కర్మ చేసిన కొడుక్కి. పెళ్ళయిన కూతురికి తల్లిదండ్రుల మైల మూడు రోజులే అని మన ఇళ్ళల్లో మామూలుగా పాటించేది. ఆవిడకు పట్టింపు ఉంటే మీ ఇంటి పురోహితుణ్ణి ఆవిడ చేతే అడిగించండి. మీరు వాదనకు దిగకండి.

ఇక నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం ఒకటుంది. "అమ్మ కీమోలో పడ్డ బాధ ముందు ఇదెంత?" ఉత్తరం చివర్లో ఆదివారం సంగతి రాశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ 42 కిలోమీటర్లు మీకు మీరు వేసుకున్న శిక్షలా ఉన్నాయి. వారానికి మూడు నాలుగు రోజులు పరిగెత్తే అలవాటు ఎప్పట్నుంచో ఉన్నవాళ్ళే ఫుల్ మారథాన్‌కు నాలుగైదు నెలలు తయారవుతారు. 8 కిలోమీటర్ల దగ్గరే మోకాలు పట్టేస్తుంటే రెండు నెలల్లో 42 వెళ్ళమని ఏ కోచ్ కూడా చెప్పడు. ఈ సంగతి మీకూ తెలుసు. తెలిసే అంత దూరం ఎంచుకున్నారు.

"మీ తప్పేం లేదమ్మా" అని నేను ఒక్క ముక్కలో తేల్చేస్తే మీరు నమ్మరు. నమ్మకూడదు కూడా, ఎందుకంటే మీ అమ్మగారి రిపోర్టులు నేను చూడలేదు. మొదట్లో ఈ గడ్డలు చాలామందికి నొప్పి ఉండవు. నొప్పి లేదు కదా అని ఇంట్లో ఆడవాళ్ళు పండగనో పెళ్ళనో పిల్లల పరీక్షలనో వాయిదా వేస్తారు, వాళ్ళు వేస్తే మనం సరేనంటాం. మీ అమ్మగారు కూడా ఆ నాలుగు నెలల్లో మళ్ళీ మిమ్మల్ని గట్టిగా అడిగినట్టు మీరు రాయలేదు. అయినా ఆ నాలుగు నెలలు ఎంత తేడా చేశాయన్నది ఒక వైద్య ప్రశ్న. దానికి జవాబు తెలిసిన మనిషి ఉన్నారు. బీరువాలో ఆ ఫైలు ఉంటుంది కదా: బయాప్సీ, స్కాన్‌లు, డిశ్చార్జి కాగితాలు. అది తీసుకుని ఆవిడకు వైద్యం చేసిన డాక్టరు దగ్గర ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి. కన్సల్టేషన్ ఫీజు కట్టి, కూర్చుని, సూటిగా అడగండి: "నాలుగు నెలల ముందు తెచ్చుంటే ఏమయ్యేది?" గడ్డ రకం, అది పెరిగే వేగం, అప్పటికి ఎక్కడిదాకా పాకింది, ఇవన్నీ చూసి ఆయన చెబుతారు. జవాబు మీకు అనుకూలంగానే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. కొంత తేడా ఉండేదేమో అనవచ్చు. ఏమీ ఉండేది కాదనవచ్చు. రెండిట్లో ఏదైనా సరే, రాత్రిళ్ళు మీరొక్కరే కూర్చుని వేసుకుంటున్న లెక్క కంటే నయం. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళకండి, మీవారిని తీసుకెళ్ళండి. ఈ ఆదివారం సంగతి ఆయనకు ఇన్నాళ్ళూ చెప్పకపోతే ఆ దారిలో చెప్పండి.

నొప్పి గురించి ఇంకో మాట. క్యాన్సర్ కోసం పరుగు అనగానే అందరూ టెర్రీ ఫాక్స్ కథ ఎత్తుకుంటారు. మీ రన్నింగ్ గ్రూపులో కూడా ఎవరో చెప్పే ఉంటారు. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్ వచ్చి 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న దేశానికి తూర్పు కొసన సెయింట్ జాన్స్ నుంచి కృత్రిమ కాలితో బయల్దేరి, రోజుకు ఇంచుమించు ఒక మారథాన్ చొప్పున 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. నొప్పిని భరించిన ముక్క వరకు చెప్పి మనవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. తర్వాతి ముక్క వదిలేస్తారు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఛాతీలో నొప్పితో ఆయన పరుగు ఆపి ఆస్పత్రికి వెళ్ళాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తేలింది. దేశం ఇంకా చాలా మిగిలే ఉంది, ఆయన అనుకున్న దూరం పూర్తికాలేదు. అయినా ఒక్కో కెనడా పౌరుడి నుంచి ఒక్కో డాలరు రావాలన్న ఆయన కోరిక 1981 ఫిబ్రవరికల్లా తీరింది, 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి. ఆ జూన్‌లో ఆయన పోయాడు, 23 ఏళ్ళు నిండకుండానే. ఆయన పేరున ఇప్పటికీ జరిగే పరుగుల్లో పోటీ ఉండదు, ఫస్టు సెకండు ఉండవు, నడిచి వెళ్ళినా లెక్కే.

అందుకని ఈ డిసెంబరుకు మీది పది కిలోమీటర్లు. అది కూడా మోకాలు ఎముకల డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించాక, వాళ్ళు సరేనంటే. అప్పటిదాకా నడవండి. తెన్నేటి పార్కు వైపు ఆ ఎక్కుడు దిగుడు జోలికి పోకండి, దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ పడుతుంది. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా ఇంచుమించు చదునే కదా, అది చాలు. మన సముద్రపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. తెల్లారకముందే మొదలుపెట్టండి, నీళ్ళ సీసా దగ్గరుంచుకోండి. నిలకడగా ఏడాది పరిగెత్తాక హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల గురించి ఆలోచించవచ్చు.

ఇప్పుడు మీ నాన్నగారు.

ఫొటో విషయంలో నేను ఆయన వైపే. ఆ టీషర్టు వేసుకోవద్దు. మీ కోణం నుంచి అది అమ్మ మీద ప్రేమ. ఆయన కోణం నుంచి ఒకసారి చూడండి. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ, మోగిన ప్రతి ఫోనుకూ "గర్భసంచి ఆపరేషనండీ, నీరసంగా ఉంది" అని చెప్పింది ఎవరు? మీరు బ్యాంకులో ఉన్నారు, మీ అన్నయ్య హైదరాబాదులో ఉన్నాడు. భార్య అడిగిందని ఆ అబద్ధం మోసింది ఆయనే. కాలనీలో రోజూ ఎదురుపడే పాత షిఫ్టు స్నేహితులకు కూడా అదే చెప్పి ఉంటారు. రేపు మీ ఫొటో ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో కనబడితే వాళ్ళందరి ముందూ అబద్ధాలకోరు అయ్యేది ఆయనొక్కరే. దానికి సిద్ధం కావడానికి ఆయనకు మీరు టైమివ్వలేదు, టీషర్టు అచ్చయ్యాక చూపించారు.

మీ అమ్మగారు ఎందుకు దాచమన్నారో నాకు తెలియదు కానీ, మన వైపు ఆడవాళ్ళు ఎందుకు దాస్తారో చాలా ఉత్తరాల్లో చదివాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచం పక్కన కూర్చుని "ఏ జన్మలో ఏం పాపం చేసిందో" అంటారు. అంటుకుంటుందేమోనని మనవరాలిని దూరం లాగేవాళ్ళున్నారు. జుట్టు ఊడిన తల మీద అందరి కళ్ళూ. ఇలాంటివి పడలేక వద్దంటారు. అది ఆవిడ హక్కు. చనిపోయాక ఆ మాట చెల్లదని నేను అనను.

కానీ ఆ మాటకు ఒక చోట మినహాయింపు ఉంది. అది బీచ్ రోడ్డులో లేదు, మీ పిన్నుల ఇళ్ళల్లో ఉంది. తోడబుట్టిన అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న సంగతి ఆ ఇద్దరికీ తెలియాలి. వంశపారంపర్యంగా వచ్చేవి ఈ క్యాన్సర్లలో నూటికి 5 నుంచి 10 మాత్రమేనని డాక్టర్లు చెబుతారు కాబట్టి భయపెట్టనక్కర్లేదు. అయితే రేపు ఏ పరీక్షకో వెళ్ళినప్పుడు డాక్టరు "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగితే మీ పిన్ని లేదంటుంది. ఆ లేదు అన్న మాట తప్పు, అది తప్పని మీకు తెలుసు. ఫోన్లో చెప్పకండి. అనకాపల్లి ఎంత దూరం, విజయనగరం ఎంత దూరం. వెళ్ళి, వంటింట్లో కూర్చుని, అమ్మ ఎందుకు దాచమందో కూడా కలిపి చెప్పండి. అలుగుతారు, ఏడుస్తారు, "మా అక్కను ఆఖరిసారి సరిగ్గా చూసుకోనివ్వలేదు" అని నిష్ఠూరమాడతారు. పడండి.

అన్నట్టు, అంత పెద్ద ఉత్తరంలో మీ పరీక్ష గురించి ఒక్క ముక్క లేదు. అమ్మ కోసం 42 కిలోమీటర్లు పరిగెడతానన్న కూతురు తన కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళిందా? మామోగ్రామ్ సాధారణంగా 40 నుంచి చెబుతారు, తల్లికి వచ్చినప్పుడు ఎప్పటినుంచి మొదలుపెట్టాలో, దానితో అల్ట్రాసౌండ్ అవసరమా, జన్యు పరీక్ష అవసరమా అన్నది డాక్టరే నిర్ణయిస్తారు. ఫైలు పట్టుకుని వెళ్తున్నారు కదా, అదే రోజు ఇదీ అడగండి. ఆడిట్ ఉన్నా సరే.

పిన్నుల దగ్గరికి వెళ్ళేముందు నాన్నగారికి చెప్పండి. అనుమతి అడగమని కాదు, ఆయనకు తెలియకుండా జరక్కూడదని. కూర్మన్నపాలెం ఒక్కరే వెళ్ళండి, టీషర్టు ఊసు, పరుగు ఊసు ఎత్తకండి. భోజనానికి ఉండండి. "అమ్మ మీతో ఏమంది నాన్నా, ఎందుకు వద్దంది?" అని అడగండి. ఆ ప్రశ్న ఆయన్ను ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం. పిన్నులకు తానే చెబుతానంటే ఆయన్నే చెప్పనివ్వండి. వాయిదా వేస్తుంటే మాత్రం ఒక తేదీ అనుకోండి.

మీ అన్నయ్య అడిగింది తప్పేం కాదు. మన దగ్గర పోయినవాళ్ళ పేరున అన్నదానం చేస్తాం, గుళ్ళో ఫ్యాను వేయిస్తాం, చెక్కు రాసిస్తాం. పరిగెత్తి విరాళం అడగడం కొత్త, కొంచెం ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. తేడా ఎక్కడంటే, పక్క సీట్లో అమ్మాయిని 500 రూపాయలు అడిగినప్పుడు ఆమె ఎందుకని అడుగుతుంది. మీరు చెబుతారు. రెండు రోజులాగి ఆమె వచ్చి "నాకూ ఇక్కడేదో గట్టిగా తగులుతోంది" అని అనే అవకాశం ఉంది. చెక్కుతో ఈ మాటలు రావు. అన్నయ్యను ఇస్తానన్నది ఇవ్వమనండి, దానితోపాటు ఇదీ నడుస్తుంది. అయితే అడగడం మీ ఆఫీసు వరకే, మీ రన్నింగ్ గ్రూపు వరకే. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో నాన్నగారు ఊ అనేదాకా వద్దు.

డబ్బు మీ ఫోన్‌పే నంబరుకు రానివ్వకండి. ఎంత నిజాయితీగా ఉన్నా మూడో నెలలో ఎవరో ఒకరు లెక్క అడుగుతారు. బ్యాంకులో పనిచేసే మీకు నేను చెప్పాలా? అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, మీ నాన్నగారి ఇంటికి దగ్గరే. ముందు అక్కడి ఆఫీసులో కనుక్కోండి: విరాళం ఎలా తీసుకుంటారు, పేషెంట్ల సహాయానికని విడిగా ఇవ్వచ్చా, రసీదు ఇచ్చినవాళ్ళ పేరునే వస్తుందా అని. ఇచ్చేవాళ్ళు నేరుగా అక్కడికే పంపుకోవాలి. 2,000 దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదని వాళ్ళకు గుర్తుచేయండి. వైద్యానికి వైద్యసేవ కార్డు చాలావరకు ఆదుకుంటుంది. రేడియేషన్‌కు మాత్రం వారానికి ఐదు రోజులు, వారాల తరబడి రావాలి. పార్వతీపురం నుంచో పాడేరు నుంచో వచ్చిన మనిషికి గది అద్దె, భోజనం, తోడొచ్చినవాళ్ళ పోయిన కూలి, వీటికే చేతిలో డబ్బు ఉండదు. మీ విరాళం ఆ ఖర్చుకు వెళ్ళేలా వీలుంటుందేమో అడగండి.

42 కిలోమీటర్లకు ఇప్పటికే రిజిస్టర్ అయ్యుంటే పదికి మార్చమని ఈ వారమే నిర్వాహకులకు మెయిల్ పెట్టండి, గడువు దాటితే వినరు. మార్చకపోతే ఆ ఫీజు పోయిందనుకుని వేరే పది కిలోమీటర్ల పరుగు చూసుకోండి. 42 కిలోమీటర్ల పరుగు నంబరు చీటీ గుండెకు పిన్ను పెట్టుకుని లైన్లో నిలబడితే మీరు పదికి ఆగుతారన్న నమ్మకం నాకు లేదు.