ఆ మెయిల్ వచ్చిన రోజు నుంచే మీ గడువు నడుస్తోంది

ప్రశ్న: మా అమ్మాయిని ఎనిమిదో తరగతిలో ఒక క్రైస్తవ అంతర్జాతీయ పాఠశాలలో చేర్పించాము. అమెరికన్ పద్ధతి చదువు, తెలుగు, ఇంగ్లిషు రెండు భాషల్లో బోధన, అమెరికా సంస్థ అక్రెడిటేషన్ (బడి ప్రమాణాలకు ఇచ్చే గుర్తింపు) ఉన్నాయని ప్రాస్పెక్టస్‌లో రాశారు. చేరిన నాలుగు నెలలకు, అక్రెడిటేషన్ ఇంకా అభ్యర్థి దశలోనే ఉందనీ, త్వరలో వస్తుందనీ ప్రిన్సిపాల్ మెయిల్ పంపారు. నమ్మి కొనసాగించాము. ఆ మెయిల్ వచ్చి రెండేళ్ళ ఎనిమిది నెలలైంది, అక్రెడిటేషన్ రాలేదు. ఇప్పుడు ఇంటర్‌లో చేర్చబోతే పదో తరగతి సర్టిఫికెట్ అడుగుతున్నారు; బడి ఇచ్చింది ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మార్కుల వివరాల పత్రం మాత్రమే. మేము హిందువులం, అయినా ప్రతి వారం ప్రార్థన సభలో కూర్చోబెట్టారు. అమ్మాయి కుమిలిపోతోంది. బడి మానేశాక తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్ కూడా ఇవ్వడం లేదు. ప్రాస్పెక్టస్ ఎక్కడో పోయింది, సంతకం చేసిన ఒప్పందం కాపీ తీసుకోలేదు. పోలీసు కేసు పెడితే వారంలో దిగివస్తారని మా బావమరిది అంటున్నాడు, వినియోగదారుల కోర్టుకు వెళ్ళమని మరొకరు అంటున్నారు. మూడేళ్ళ ఫీజు వెనక్కి వచ్చే దారి చెప్పండి.

జవాబు: మీ కేసును తేల్చేది ప్రార్థన సభా కాదు, పదో తరగతి సర్టిఫికెట్టూ కాదు. చేరిన నాలుగు నెలలకు ప్రిన్సిపాల్ పంపిన ఆ మెయిల్ ఒక్కటే తేలుస్తుంది. అక్రెడిటేషన్ ఉందని చెప్పి చేర్చుకున్నవారు, లేదని స్వయంగా రాసి ఇచ్చారు కనుక మీకు అంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు. కానీ ఆ మెయిల్ చదివిన రోజునే నిజం మీకు తెలిసిందని చట్టం భావిస్తుంది. మోసం వల్ల దావా వేసే హక్కు ఏర్పడినప్పుడు, ఆ మోసం తెలిసిన రోజు నుంచి గానీ, తగిన శ్రద్ధ పెడితే తెలుసుకోగలిగిన రోజు నుంచి గానీ కాలపరిమితి లెక్కించాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఇలాంటి దావాకు గడువు మూడేళ్ళు. మీకు మిగిలింది నాలుగు నెలలు.

ఆ మెయిల్ చేసే రెండో పని మీకు మరింత నష్టం కలిగిస్తుంది. తప్పుడు మాట నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ మీకు ఇస్తుంది. అయితే నిజం తెలిశాక కూడా తొమ్మిదో తరగతికి, పదో తరగతికి ఫీజు కట్టి అమ్మాయిని అక్కడే చదివించారు కనుక, ఒప్పందాన్ని మీరే ఖాయం చేసుకున్నారని అవతలి న్యాయవాది మొదటి రోజే వాదిస్తారు, ఆ వాదనకు బలం ఉంది. త్వరలో వస్తుందన్న హామీని నమ్మి కొనసాగామని మీరు బదులు చెప్పవచ్చు. అందుకే ఆ మెయిల్‌లో ఏ మాటలు వాడారో, తరువాత ఎన్నిసార్లు అదే హామీ రాతపూర్వకంగా ఇచ్చారో ఇప్పుడే వెతికి పట్టుకోవాలి. అక్రెడిటేషన్ వివరాలు ఆయా సంస్థల జాబితాల్లో అందరికీ కనిపిస్తాయి కదా, మీరెందుకు చూసుకోలేదని కూడా అడుగుతారు. దానికి మీ దగ్గర జవాబు ఉంది. మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగినవారికి రద్దు హక్కు ఉండదన్న మినహాయింపు, తెలియక చెప్పిన తప్పుడు మాటకూ, మోసపూరితమైన మౌనానికీ వర్తిస్తుంది గానీ, లేనిదాన్ని తెలిసి ఉన్నదని ప్రాస్పెక్టస్‌లో అచ్చువేసినవారికి వర్తించదు.

ఇంత ముఖ్యమైన ప్రాస్పెక్టస్‌ను మీరు పోగొట్టుకున్నారు. ఒప్పందం మీద సంతకం చేసి కాపీ అడగలేదు. ఒక బిడ్డ మూడేళ్ళ చదువును ముడిపెట్టే కాగితాన్ని చదవకుండా సంతకం చేసి, దాని ప్రతి కూడా ఇంటికి తెచ్చుకోకపోవడం క్షమించదగిన అజాగ్రత్త కాదు. ఇప్పుడు నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేయండి. మీతోపాటు ఆ ఏడాది పిల్లలను చేర్చిన తల్లిదండ్రులను అడిగితే ప్రాస్పెక్టస్ ప్రతి దొరకవచ్చు. బడి వెబ్‌సైట్ పాత పేజీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయేమో చూడండి. ఒప్పందం కాపీ, పేరెంట్ హ్యాండ్‌బుక్ కాపీ కావాలని బడికి మెయిల్ రాయండి. ఇవ్వకపోతే ఆ నిరాకరణ కూడా రేపు పనికొస్తుంది. ప్రిన్సిపాల్ మెయిల్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోవద్దు. అది వచ్చిన అకౌంట్‌ను అలాగే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఇక అసలు సాక్ష్యం బడి బయట ఉంది. అమెరికాలో ప్రభుత్వ విద్యాశాఖ బడులకు అక్రెడిటేషన్ ఇవ్వదు. కాగ్నియా, డబ్ల్యూఏఎస్‌సీ, మిడిల్ స్టేట్స్ అసోసియేషన్, క్రైస్తవ పాఠశాలలకు ఏసీఎస్ఐ వంటి ప్రభుత్వేతర సంస్థలు ఇస్తాయి. మీ బడి ఏ సంస్థ పేరు చెప్పిందో ఆ సంస్థకే రాసి, మీ అమ్మాయి చేరిన సంవత్సరంలో ఆ బడి స్థాయి ఏమిటో తెలుపమని అడగండి. దరఖాస్తు చేసుకున్న బడికీ, అభ్యర్థి దశలో ఉన్న బడికీ, అక్రెడిటేషన్ పొందిన బడికీ ఆ సంస్థలు స్పష్టమైన తేడా పాటిస్తాయి. ఆ జవాబు మీ కేసుకు వెన్నెముక అవుతుంది.

పదో తరగతి సర్టిఫికెట్ ఇవ్వకపోవడాన్ని మోసంగా రాయకండి. అమెరికన్ పద్ధతిలో పదో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండదు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒక్కో సబ్జెక్టు పూర్తిచేసినందుకు వచ్చే క్రెడిట్లు కూడగట్టుకున్నాక చివరలో హైస్కూల్ డిప్లొమా ఇస్తారు. మీ ఫిర్యాదు సర్టిఫికెట్ గురించి కాదు, ఆ ట్రాన్‌స్క్రిప్ట్‌కు విలువ తెచ్చే అక్రెడిటేషన్ లేకపోవడం గురించి. రెండు భాషల బోధన విషయంలో కూడా, సగం సబ్జెక్టులు తెలుగులో చెబుతామన్నంత స్పష్టమైన రాత ఉంటే తప్ప, వారానికి కొన్ని తెలుగు పీరియడ్లు పెట్టామని వాళ్ళు తప్పించుకుంటారు. టైంటేబుళ్ళు ఉంటే దాచండి, లేకపోతే ఆ అంశాన్ని దావాలోకి తేవద్దు.

ప్రార్థన సభ సంగతి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలో మైనరును సంరక్షకుడి అనుమతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. క్రైస్తవ పాఠశాలలు సాధారణంగా ఈ అనుమతిని ప్రవేశ పత్రంలోనే తీసుకుంటాయి. మీరు సంతకం చేసిన కాగితాల్లో అది ఉంటే అభ్యంతరం నిలవదు. అనుమతిని ఏ రోజైనా రాతపూర్వకంగా వెనక్కి తీసుకునే వీలుండేది, మీరు తీసుకోలేదు. అమ్మాయి బడి మానేసింది కనుక ఇప్పుడు దీన్ని ముందుకు తెస్తే డబ్బు దావా మత వివాదంగా మారుతుందే తప్ప ఒక్క రూపాయి అదనంగా రాదు.

మీ బావమరిది సలహాను గట్టిగా తిరస్కరిస్తున్నాను. డబ్బు రాబట్టడానికి క్రిమినల్ కేసును ఒత్తిడిగా వాడడాన్ని సుప్రీంకోర్టు 2006లో ఇండియన్ ఆయిల్ కేసులో తప్పుపట్టింది. మీ ఫీజు మూడేళ్ళు తీసుకుని మూడేళ్ళు చదువు చెప్పినవారి మీద, నిజాన్ని తామే మెయిల్‌లో రాసినవారి మీద, మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని నిరూపించడం చాలా కష్టం. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన కాలాన్ని సివిల్ గడువులోంచి ఎవరూ మినహాయించరు. లీగల్ నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. డిపాజిట్ విషయం పరిశీలిస్తున్నామని బడివారు రాస్తే దాన్ని బాకీ అంగీకారంగా భావించి కూర్చోవద్దు. లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద కొత్త గడువు రావాలంటే బాధ్యతను స్పష్టంగా ఒప్పుకుంటూ సంతకం చేసిన రాత, అదీ పాత గడువు ముగిసేలోపు, ఉండాలి.

వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్ళే, అక్రెడిటేషన్ విషయంలో అది దాటిపోయింది. జాప్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2010లో మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో, 2012లో పి.టి. కోషి కేసులో చెప్పిన మాట మీకు అడ్డు వస్తుంది. ఉన్న నాలుగు నెలలను ఆ వాదనలో ఖర్చు చేయకండి.

సివిల్ కోర్టులో డబ్బు దావా వేయండి. డిపాజిట్‌ను వేరుగా, మొదటి అభ్యర్థనగా అడగండి. అది తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అమ్మాయి బడి మానేశాకే పుట్టింది కనుక దానికి గడువు కొత్తగా మొదలైంది, రసీదు ఉంటే అది దాదాపు వచ్చినట్టే. రెండోదిగా, మొదటి సంవత్సరం ఫీజులో న్యాయమైన భాగం, అక్రెడిటేషన్ లేనందువల్ల మళ్ళీ చదివించడానికి అయ్యే ఖర్చు నష్టపరిహారంగా కోరండి. మూడేళ్ళ ఫీజు మొత్తం అడిగితే, పొందిన చదువు విలువ మాటేమిటని కోర్టు అడుగుతుంది, పైగా కోర్టు ఫీజు ఆ మొత్తం మీద కట్టాలి. ప్రతివాదిగా బడి పేరు, ప్రిన్సిపాల్ పేరు రాసి సరిపెట్టవద్దు. ఫీజు రసీదు మీద ఉన్న ట్రస్టు, సొసైటీ లేదా కంపెనీ ఏదో చూసి దాన్ని చేర్చాలి. ఒప్పందంలో మధ్యవర్తిత్వ క్లాజు, అంటే ఆర్బిట్రేషన్ షరతు ఉంటే దారి మారుతుంది: అప్పుడు 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆర్బిట్రేషన్ కోరుతూ పంపిన నోటీసు గడువు లోపల అవతలివారికి అందాలి. కాపీ ముందు సంపాదించమని చెప్పింది ఇందుకే.

అమ్మాయి చదువుకు కోర్టు తీర్పు కోసం ఎదురుచూడకండి. పద్నాలుగేళ్ళు నిండినవారికి ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల) సెకండరీ, అంటే పదో తరగతి పరీక్ష రాసే అవకాశం ఉంది, ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు. అమెరికన్ పద్ధతిలోనే కొనసాగించాలనుకుంటే, చేర్చే ముందు ఆ బడి అక్రెడిటేషన్‌ను సంస్థ జాబితాలో మీరే చూసి, పన్నెండో తరగతి తరువాత భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నుంచి తత్సమాన పత్రం పొందడానికి ఏయే షరతులున్నాయో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఈ వారంలోనే ఆ మెయిల్ ప్రింటు, ఫీజు రసీదులు, డిపాజిట్ రసీదు తీసుకుని మీ ఊరి సివిల్ న్యాయవాదిని కలిసి, గడువు ముగిసే తేదీని ఫైలు పైనే రాయించండి.