బండిని పాకలో దాచారు, అబ్బాయి సంగతేంటి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న రాత్రి రొయ్యల చెరువు దగ్గరున్న వాళ్ల నాన్నకి బండి మీద క్యారేజీ ఇచ్చి వస్తూ, కాలవ గట్టు మీద సైకిల్‌పై వెళ్తున్న పెద్దాయన్ని గుద్దేశాడు. భయపడి ఆగకుండా వచ్చేశాడు. ఆయనకి కాలు విరిగిందట, ఆసుపత్రిలో ఉన్నాడట. మావారు బండిని పాకలో పెట్టి బరకం కప్పేశారు. ఇండికేటర్ కొత్తది వేయిస్తానంటున్నారు. పోలీసులొస్తే తనే నడిపానని చెబుతారట. పిల్లాడు అన్నం ముట్టడం లేదు. వాడి జీవితం పాడైపోతుందా? – ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి జీవితం ఈ ప్రమాదంతో పాడైపోదు. మీవారు చెప్పబోయే అబద్ధంతో పాడయ్యే ప్రమాదం మాత్రం ఉంది. ముందు ఆ ఇండికేటర్ జోలికి వెళ్లొద్దని చెప్పండి. పగిలిన ముక్క గట్టు మీదే పడి ఉంటుంది, ఈపాటికి ఎవరో ఒకరు తీసిపెట్టే ఉంటారు. సాక్ష్యం చెరిపేయడం, పోలీసులకు అబద్ధం చెప్పడం వేరే నేరాలు. 2024 మేలో పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు కారుతో ఇద్దరి ప్రాణాలు తీసినప్పుడు, వాడి రక్తం శాంపిల్ మార్పించారన్న ఆరోపణ మీద తల్లిదండ్రులే అరెస్టయ్యారు.

చట్టం సంగతి చెబుతాను. ప్రమాదం చేసినవాళ్లు గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఇది. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. గడువు దాటిపోయింది కదా అని మానేయకండి. తమంతట తాము వచ్చినవాళ్లకీ, వెతికి పట్టుకున్నవాళ్లకీ తేడా ఉంటుంది.

మీ అబ్బాయికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి వాడి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. లాకప్‌లో, జైల్లో పెట్టకూడదు. పేరు, ఫొటో పేపర్లో వేయకూడదు. ఇలాంటి కేసుల్లో బోర్డు మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కి రమ్మనొచ్చు, సమాజసేవ చేయమనొచ్చు. రేపు చదువుకో, ఉద్యోగానికో దీన్ని అనర్హతగా చూపకూడదని కూడా చట్టంలోనే ఉంది. ఒక్క దెబ్బ మాత్రం తప్పకపోవచ్చు: పాతికేళ్లు వచ్చేదాకా వాడికి లైసెన్స్ ఇవ్వరు.

అసలు బరువు మీవారి మీద పడుతుంది. మోటారు వాహనాల చట్టంలోనే 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రో, బండి యజమానో దోషి. మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. తనకి తెలియకుండా తీశాడని రుజువు చేస్తే బయటపడొచ్చు గానీ, క్యారేజీ అందుకున్న మనిషి ఆ మాట ఎలా అంటారు? మన డెల్టాలో మీసం రాకముందే బండి తాళం చేతికిస్తాం. చెరువుకి మేత వేసి రమ్మని, మిల్లు దాకా వెళ్లి రమ్మని పంపేదీ మనమే.

ఊరి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పదో పరకో ఇచ్చి సర్దేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మీరిచ్చే డబ్బుతో కేసు మాయం కాదు. ఆ పెద్దాయన ప్రమాద నష్టపరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్తే నష్టపరిహారం వేరే. ఇన్సూరెన్స్ ఉన్నా, లైసెన్స్ లేని పిల్లాడు నడిపాడు కాబట్టి కంపెనీ ముందు కట్టి, తర్వాత మీవారి దగ్గర వసూలు చేసుకోవచ్చు. వైద్యం ఖర్చుకి మాత్రం ఇప్పుడే సాయం చేయండి. దానికి బేరం పెట్టకండి, కాగితం మీద సంతకాలు అడగకండి.

రేపు పొద్దున్నే ఒక లాయర్‌ని కలవండి. ఫీజు కష్టమైతే అమలాపురం కోర్టులో మండల న్యాయ సేవల కమిటీని అడగండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఆ లాయర్‌ని వెంటబెట్టుకుని ముగ్గురూ స్టేషన్‌కి వెళ్లండి, బండి కూడా ఉన్నది ఉన్నట్టుగా అప్పగించండి. జరిగింది జరిగినట్టు అబ్బాయి నోటితోనే చెప్పనివ్వండి. పక్కన మీరు ఉంటే చాలు.

ఇక వాడు అన్నం ముట్టకపోవడం. అది ఒట్టి కేసు భయం అనుకోకండి. ఆ పెద్దాయన ఎలా ఉన్నాడో వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం వాడికీ లేదు. ఈ రాత్రి తిట్టకుండా పక్కన కూర్చుని, 'కాలు విరిగింది, ఆసుపత్రిలో ఉన్నాడట' అని తెలిసినంత చెప్పండి. ఆ తర్వాత ఏడిస్తే ఏడవనివ్వండి.