ఇంట్లో కట్టుకున్న అల్ట్రాలైట్ విమానం నేల మీదే ఎందుకు పాడవుతుంది?

ఎగరకముందే, టాక్సీ చేస్తుండగానే, అంటే నేల మీద నడుపుతుండగానే, చక్రం వంగడం, కేబుల్ తెగడం ఎందుకని అడిగారు. మొదటి కారణం బరువు. అమెరికాలో పార్ట్ 103 నిబంధన ప్రకారం ఇంజనున్న అల్ట్రాలైట్ ఖాళీ బరువు 254 పౌండ్ల లోపే, అంటే సుమారు 115 కిలోల లోపే ఉండాలి. అందుకే ఇరుసులు, ముందు చక్రం ఫోర్కు తేలికపాటి గొట్టాలతో చేస్తారు. గాలిలో భారం రెక్కలంతటా పరుచుకుంటుంది. గడ్డి నేల మీద చక్రం గుంతలో పడితే దెబ్బంతా ఏదో ఒక బోల్టు రంధ్రం దగ్గర తగులుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. వెంట్రుకంత గీత, మట్టి తుడిస్తేగానీ కనపడదు.

నాకు ఎక్కువ భయం థ్రాటిల్ కేబుల్‌తోనే, అంటే ఇంజన్ వేగం పెంచే, తగ్గించే తీగతోనే. రోటాక్స్ కంపెనీ టూ-స్ట్రోక్ ఇంజన్లలో అది తెగితే స్ప్రింగ్ కార్బురేటర్‌ను మూసేస్తుంది, ఇంజన్ నెమ్మదిస్తుంది. ఇంట్లో కట్టుకునే కాస్త పెద్ద విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజన్‌లో దీనికి పూర్తిగా రివర్స్, స్ప్రింగ్ థ్రాటిల్‌ని తెరుస్తుంది. గాలిలో అది ప్రాణాలు కాపాడుతుంది. హ్యాంగర్ ముందు మాత్రం విమానం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అప్పుడు బ్రేకుల్ని నమ్ముకోకుండా వెంటనే రెండు ఇగ్నిషన్ స్విచ్‌లూ ఆపెయ్యాలి.

ప్రొపెల్లర్ వెనక ఉండే రకాల్లో సైలెన్సర్‌ను పట్టి ఉంచే స్ప్రింగ్ తెగితే ఎగిరి బ్లేడుకు తగలొచ్చు. అందుకే ఆ స్ప్రింగులకు సేఫ్టీ వైరు కడతారు. ఆ వైరు ఊడి వేలాడుతుంటే ఇంజన్ అసలు స్టార్ట్ చెయ్యకండి.