ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే వింటర్ టైర్లు అక్కర్లేదా? డెన్వర్ అనుభవంతో నా జవాబు

డాలస్ నుంచి డెన్వర్‌కి మారాం, ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ కొన్నాం, ఇప్పుడు వింటర్ టైర్లకి మళ్లీ వెయ్యి డాలర్లు పెట్టాలా, డీలర్ అయితే అక్కర్లేదంటున్నాడు అని అడిగారు. డీలర్ చెప్పింది సగం నిజం. బండి కదలడానికి అక్కర్లేదు, ఆగడానికి కావాలి. నేను మొదట మినియాపొలిస్‌లో పాత కరోలాకి వింటర్ టైర్లు వేసుకుని కొన్ని చలికాలాలు నడిపాను. అది ఇంజిన్ బలం ముందు చక్రాలకి మాత్రమే వెళ్లే బండి. తర్వాత కొలరాడో వచ్చి ఆల్ వీల్ డ్రైవ్ బండి కొని, దాంతో వచ్చిన ఆల్ సీజన్ టైర్లతోనే ఒక చలికాలం గడిపాను. మంచులో ఏది నమ్మకంగా ఉండేదని అడిగితే పాత కరోలానే అంటాను.

ఎందుకో చెప్తాను. ఆల్ వీల్ డ్రైవ్ చేసే పని ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకీ పంచడం, అంతే. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి కదా, అందుకే ఆగే విషయంలో దానివల్ల ఒక్క అడుగు కూడా కలిసిరాదు, పైగా బండి బరువు ఇంకాస్త ఎక్కువ. మలుపులోనూ అంతే, స్టీరింగ్ తిప్పినప్పుడు బండిని పక్కకి లాగేది రోడ్డుని పట్టుకున్న రబ్బరు. అరిగిన హవాయి చెప్పులతో తడి బాత్రూంలోకి వెళ్తే కాళ్లలో ఎంత బలం ఉంటే మాత్రం ఏం లాభం, ఇదీ అలాంటిదే.

అసలు ప్రమాదం ఇంకోటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ముందు చక్రాల కారులో సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ నొక్కగానే చక్రాలు గిర్రున తిరుగుతాయి, డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు మిణుకుమంటుంది, ఓహో ఇవాళ రోడ్డు జారుతోంది అని మనకి తెలిసిపోతుంది, వేగం తగ్గించుకుంటాం. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ హెచ్చరిక రాదు. మామూలు రోడ్డు మీద కదిలినట్టే బండి హాయిగా కదులుతుంది, 40 మైళ్ల వేగం అందుకుంటుంది, రోడ్డు ఎంత జారుతోందో మొదటిసారి తెలిసేది ముందు కారు బ్రేకు లైట్లు వెలిగినప్పుడు. మా కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకి దిగే వాలు ఒకటుంది, సీజన్‌లో మొదటి మంచు పడిన రోజు అక్కడ ఫుట్‌పాత్ ఎక్కి ఆగిపోయిన బండ్లు చూస్తే ఎక్కువగా ఎస్‌యూవీలే. నడిపేవాళ్లు చెడ్డ డ్రైవర్లేం కాదు, బండి వాళ్లకి చెప్పాల్సింది చెప్పలేదు.

కాబట్టి టైర్లు ఏవైనా సరే, ఇంటి నుంచి బయలుదేరగానే వెనక ఎవరూ లేని చోట, 15 మైళ్ల వేగంలో ఒకసారి బ్రేకు గట్టిగా తొక్కి చూడండి. పాదం కింద పెడల్ గడగడలాడితే అది ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పనిచేస్తోందని అర్థం, భయపడి కాలు తీయకండి, అలాగే తొక్కి పట్టండి. బండి ఎంత దూరం జారి ఆగిందో ఆ రోజుకి అదే మీ లెక్క.

లెక్క అంటే గుర్తొచ్చింది. 30 మైళ్ల వేగంలో పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక సుమారు 40 అడుగుల్లో ఆగే బండి, గట్టిపడిన మంచు మీద 150 అడుగుల దాకా పోతుంది, ఐస్ మీద 300 అడుగులు దాటినా ఆశ్చర్యం లేదు. ఇవి రాపిడిని బట్టి వేసిన ఉజ్జాయింపు అంకెలు, మీ బ్రెయిన్ స్పందించే టైమ్ ఇందులో కలపలేదు. అయితే ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 30 నుంచి 20కి తగ్గితే సగం కంటే తక్కువలోనే ఆగుతారు. మంచులో మీ చేతిలో ఉన్న అతి చవకైన పరికరం ఇదే, పైసా ఖర్చులేదు. ఇంకో మాట, బాగా చలిగా ఉన్న రోజే ఎక్కువ జారుతుందనుకుంటారు చాలామంది. నిజానికి 32 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సున్నా సెల్సియస్ అటూ ఇటూగా, ఐస్ మీద సన్నటి నీటి పొర ఉన్నప్పుడు ఎక్కువ జారుతుంది. పగలు ఎండకి కరిగి సాయంత్రం మళ్లీ గడ్డకట్టే డెన్వర్‌లో ఇది మామూలే. వంతెనల కింద నేల వెచ్చదనం ఉండదు కాబట్టి అవి ముందు గడ్డకడతాయి, రోడ్డు నల్లగా తడిగా కనిపించినా నమ్మొద్దు.

ఇక టైర్ల సంగతి. ఉష్ణోగ్రత 45 ఫారెన్‌హీట్ కిందికి, అంటే 7 సెల్సియస్ కిందికి దిగేకొద్దీ మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. వింటర్ టైరు రబ్బరులో సిలికా ఎక్కువ, చలిలో కూడా మెత్తగా ఉంటుంది, గోరుతో నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది. దాని మీద సైప్స్ అని బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు వందలకొద్దీ ఉంటాయి, ఆ అంచులే ఐస్‌ని పట్టుకునేవి. ట్రెడ్ (రోడ్డుని తాకే టైరు పైభాగం) గాడుల్లో మంచు ఇరుక్కుంటే మంచిదే, మంచు మంచుని బాగా పట్టుకుంటుంది. చిన్నప్పుడు మంచు ముద్దలు చేసుకుని ఆడుకున్న వాళ్లకి ఇది తెలిసే ఉంటుంది, మనకి ఆ భాగ్యం లేదు లెండి.

టైరు పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ అని అక్షరాలు ఉన్నాయి కదా, అంటే మడ్ అండ్ స్నో కదా, చాలదా అని అడుగుతారు. ఆ అక్షరాలు ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేవి, దానికి మంచులో పరీక్ష ఏమీ ఉండదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు ఉన్న బొమ్మ. అది రావాలంటే టైరు మంచు మీద నిజంగా పరీక్ష నెగ్గాలి. కానీ ఆ పరీక్ష కూడా గట్టిపడిన మంచు మీద బండి ఎంత బాగా ముందుకి కదులుతుందో చూసేదే, ఐస్ మీద బ్రేకుని చూసేది కాదు. అందుకే ఆ బొమ్మ ఉండి ఏడాదంతా వాడుకునే ఆల్ వెదర్ టైరు, అదే బొమ్మ ఉన్న అసలు వింటర్ టైరు రెండూ ఒకటే అనుకోకండి, ఐస్ మీద రెండోది చాలా ముందుంటుంది.

మరి మీరేం కొనాలి? మినియాపొలిస్‌లో ఉండుంటే రెండో మాట లేకుండా వింటర్ టైర్లే అనేవాణ్ని, అక్కడ డిసెంబర్‌లో పడిన మంచు మార్చి దాకా కాలనీ రోడ్ల మీదే ఉంటుంది. డెన్వర్ వేరు. ఇక్కడ అడుగు మంచు పడినా మూడో రోజు ఎండకి మెయిన్ రోడ్లు పొడిగా అయిపోతాయి, జనవరిలో 60 ఫారెన్‌హీట్ వచ్చే రోజులుంటాయి, ఆ పొడి వేడి రోడ్డు మీద మెత్తటి వింటర్ టైరు త్వరగా అరిగిపోతుంది. మీరు ఆఫీసు, పిల్లల స్కూలు, ఇండియన్ స్టోర్, పండగ రోజు కాజిల్ రాక్ గుడి, ఇంతవరకే తిరిగేవాళ్లయి, బాగా మంచు పడిన రోజు ఇంట్లోంచి పనిచేసుకునే వీలుంటే ఆల్ వెదర్ టైర్లు చాలు. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నోకియన్ రెమెడీ డబ్ల్యూఆర్‌జీ 5 లాంటివి ఈ రకం, ఏడాదంతా మార్చక్కర్లేదు. వారం వారం స్కీయింగ్ అంటూ బ్రెకెన్‌రిడ్జ్ వైపు వెళ్లేవాళ్లయినా, ఆస్పత్రి డ్యూటీలా ఏ వాతావరణంలోనైనా తెల్లవారుజామున వెళ్లక తప్పనివాళ్లయినా ఆలోచించకుండా అసలు వింటర్ టైర్లు తీసుకోండి. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, నోకియన్ హక్కాపెలిట్టా, కాంటినెంటల్ వైకింగ్ కాంటాక్ట్, వీటిలో మీ సైజులో ఏది దొరికితే అది. నోకియన్ వాళ్లు ఫిన్లాండ్ వాళ్లు, 1934 నుంచి వింటర్ టైర్లు చేస్తున్నారు. అయినా ఈ నాలుగింటి మధ్య తేడా కంటే కొత్త టైరుకీ అరిగిన టైరుకీ ఉండే తేడా ఎక్కువ, కాబట్టి బ్రాండ్ కోసం రాత్రుళ్లు రివ్యూలు చదవకండి.

ఖర్చు గురించి టెన్షన్ పడుతున్నారు కాబట్టి చెప్తున్నా, బండికి రెండో సెట్ ఉన్నంతకాలం మొదటి సెట్ గ్యారేజీలో ఊరికే ఉంటుంది, అరగదు. అంటే మీరు పెట్టేది పూర్తిగా అదనపు ఖర్చు కాదు. చవకైన రిమ్ములు విడిగా కొని వాటికే వింటర్ టైర్లు ఎక్కించి ఉంచుకుంటే ప్రతి సీజన్ టైరు విప్పించి బిగించే కూలి మిగులుతుంది. మీ బండికి 19 అంగుళాల రిమ్ములు ఉంటే 17 లేదా 18 సరిపోతాయేమో మాన్యువల్‌లో చూడండి. చిన్న రిమ్ముకి టైరు ధర తగ్గుతుంది, కాస్త సన్నటి టైరు మంచుని కోసుకుంటూ పోతుంది, గుంతల్లో రిమ్ము దెబ్బతినే భయం కూడా తక్కువ. ఆ రిమ్ములకి ప్రెషర్ సెన్సర్లు పెట్టించకపోతే చలికాలమంతా డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతూనే ఉంటుంది. రెండే టైర్లు మార్చి సరిపెట్టుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దు. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే మలుపులో బండి వెనక భాగం తిరిగి మీ ముందుకి వస్తుంది. పైగా ఆల్ వీల్ డ్రైవ్‌లో నాలుగు టైర్ల చుట్టుకొలత దాదాపు ఒకటే ఉండాలి, సుబారు అయితే పావు అంగుళం తేడా దాటొద్దంటుంది, లేకపోతే మధ్యలో ఉండే క్లచ్, గేర్ల మీద రోజంతా భారం పడుతుంది. ఆ రిపేరు బిల్లు ముందు టైర్ల ఖర్చు ఏపాటి!

ఇంకో సంగతి, ఇక్కడ చట్టం కూడా ఉంది. కొండల వైపు వెళ్లే ఐ-70 హైవే మీద మోరిసన్ నుంచి డాట్‌సెరో దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ (టైరు పట్టు) చట్టం అమల్లో ఉంటుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా ట్రెడ్ లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలి, అంటే 5 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. దొరికితే ఫైన్ 100 డాలర్ల పైన, మీ బండి జారి దారి మూసేస్తే 650 దాటుతుంది. ఎయిర్‌పోర్టులో అద్దెకి తీసుకున్న కారుకీ ఇదే వర్తిస్తుంది, చుట్టాలొస్తే ముందే చెప్పండి. కెనడాలో క్యుబెక్ ఇంకా సూటిగా ఉంది, డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి, మాది ఆల్ వీల్ డ్రైవ్ అంటే మినహాయింపు లేదు. మంచుతో బతికే వాళ్లు దేన్ని నమ్ముతారో దీన్ని బట్టే తెలుస్తోంది.

అలాగని ఆల్ వీల్ డ్రైవ్ దండగ అనట్లేదు. ఐ-70 మీదున్న ఐసన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కేటప్పుడు, ఆ ఎత్తు 11,000 అడుగుల పైనే, ఎక్కుడులో ఆగి మళ్లీ కదలాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది. మంచి టైర్లకి అది తోడైతే బ్రహ్మాండం. కానీ సొరంగం దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగుడు మైళ్లకొద్దీ ఉంటుంది, అక్కడ పనికొచ్చేది టైర్లు, లో గేరు. గేరుని మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఇంజిన్‌తోనే వేగం ఆపుకుంటూ దిగండి, బ్రేకు మీద కాలు నిలబెట్టకండి. బండి ముందు భాగం మలుపు తిరగకుండా తిన్నగా జారిపోతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పడం కాదు, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ కాస్త తిన్నగా చేస్తే టైరు మళ్లీ పట్టుకుంటుంది. ఖాళీ పార్కింగ్‌లో దీన్ని ఒక ఆదివారం పొద్దున్న ప్రాక్టీస్ చేయండి, కరెంటు స్తంభాలకి దూరంగా. మంచులో కూరుకుపోతే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు గిర్రున తిరగకుండా అడ్డుకునేది) ఆపేసి మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి, చక్రాలు తిప్పినకొద్దీ గుంత లోతవుతుంది.

టకోమా, రాంగ్లర్ లాంటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, పొడి రోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ కలిపి నడిపే మోడ్‌లో) నడపొద్దు, మలుపుల్లో ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరగాలి, అవి కట్టేసి ఉంటే యాక్సిల్ భాగాలు బిగుసుకుపోతాయి. మన పార్కింగ్‌లలో టెస్లా లేని వరస ఉండదు కాబట్టి వాళ్లకీ ఒక మాట: పెర్ఫార్మెన్స్ మోడల్‌కి సమ్మర్ టైర్లు ఉంటే గడ్డకట్టే చలిలో అస్సలు నడపకండి, ఆ రబ్బరు పగుళ్లు కూడా తీస్తుంది. మొన్న హైదరాబాద్ నుంచి మా తమ్ముడు థార్ వేసుకుని మనాలీ వెళ్తా, ఫోర్ బై ఫోర్ కదా అన్నాడు, సోలాంగ్ దాటాక మంచు పడితే పోలీసులు ఫోర్ బై ఫోర్‌లనే వదులుతారు నిజమే, కానీ చైన్లు లేకుండా దిగుడులో దాని తెలివేమీ పనిచేయదని చెప్పాను. వింటాడో లేదో.

చివరిగా చిన్న చిన్నవి. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది, మొదటి చలి ఉదయం లైటు వెలిగితే పంక్చర్ అనుకుని కంగారు పడకండి, ముందు గాలి చూడండి. డాలస్‌లో పోసిన వాషర్ నీళ్లు తీసేసి చలికాలానిది పోయండి, లేకపోతే అద్దం మీద ఐస్ పూత పూసుకున్నట్టే. టైర్లు సెప్టెంబర్‌లోనే ఆర్డర్ పెట్టండి, మొదటి మంచు వార్త రాగానే షాపుల్లో అపాయింట్‌మెంట్ దొరకదు. తీసేయడానికి తొందర వద్దు, ఇక్కడ మార్చిలో పెద్ద మంచు పడుతుంది, 2021 మార్చి మధ్యలో డెన్వర్‌లో 27 అంగుళాలు పడింది, మే మొదటి వారం దాకా ఉంచడం నయం. మీ కారు మోడల్, డ్రైవర్ డోర్ లోపలి స్టిక్కర్ మీదున్న టైరు సైజు, కొండల వైపు ఎంత తరచుగా వెళ్తారో కామెంట్‌లో రాయండి, మీ బడ్జెట్‌లో ఏవి దొరుకుతాయో చూసి చెప్తాను.