‘క్లైమేట్’ ఉద్యోగం కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం గాజువాక. మా అమ్మాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ. వాతావరణ మార్పుల నుంచి తీర గ్రామాలను, నగరాలను కాపాడే పని చేస్తానంటోంది. నేనేమో సీఎస్ఈలో చేరమంటున్నాను. తను చెప్పేదాంట్లో అసలు ఉద్యోగాలున్నాయా? – ఓ తండ్రి

జవాబు: ఉన్నాయండీ. కానీ ‘క్లైమేట్’ పేరుతో నోటిఫికేషన్ వస్తుందని కూర్చుంటే కష్టం. సివిల్ ఇంజనీర్, టౌన్ ప్లానర్, ఓషనోగ్రాఫర్, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) అనలిస్ట్... ఎక్కువగా ఇలాంటి పేర్లతోనే తీసుకుంటారు. కాబట్టి డిగ్రీ పేరులో ఆ మాట లేదని బెంగ వద్దు. పేరు చూసి లక్షల ఫీజు కట్టడం అంతకన్నా వద్దు.

పని ఎలా ఉంటుందో తెలియాలంటే అమ్మాయిని ఓసారి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. మన తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970లలో కట్టిన విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ గోడలు ఆ ఇసుకకు అడ్డుపడతాయి. దానికి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి అందాల్సింది అందక కోత పడుతుంది. డ్రెడ్జర్లతో తవ్వి తీసిన ఇసుకను బీచ్‌లో పోయిస్తున్నది అందుకే. అంటే ఈ కోతకు మూలం మనం కట్టిన కట్టడమే. సముద్రమట్టం పెరిగేకొద్దీ అది ముదురుతుంది. ఈ రెంటినీ విడదీసి చూడగలిగినవాళ్లే ఈ రంగంలో పనికొస్తారు. కోత పడుతోందని బండరాళ్లు పేర్చుకుంటూ పోతే తర్వాతి పేటకు ఇసుక తగ్గుతుంది. పెదజాలరిపేట లాంటి మత్స్యకారుల పేటలో రాళ్లు పోస్తే బోటు ఒడ్డుకు లాగడానికి జాగా ఏదీ? రాళ్లా, ఇసుకా, సరుగుడు తోటలా అన్నది తేల్చడానికి అలల లెక్కలు రావాలి, మత్స్యకారుల మాట వినే ఓపికా ఉండాలి.

ఊళ్లోపల మరో రకం పని. కొండల మీద పడిన వాన గెడ్డల (వాగుల) గుండానే దిగాలి. గెడ్డను ఇరుకు చేసి ఇళ్లు కట్టేస్తే నీళ్లు వీధుల్లోకి వస్తాయి. అది ప్లానర్ చూడాల్సిన విషయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి కరెంటు స్తంభాలు ఎలా ఒరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఇక్కడ భూగర్భ కేబుళ్లు వేశారు. అదీ ఈ రంగం పనే, చేసింది ఎలక్ట్రికల్ వాళ్లు.

ఇక దారులు. నా ఓటు సివిల్‌కే. తర్వాత ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఐఐటీ మద్రాస్ లాంటి చోట ఓషన్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేయొచ్చు. నగరాల మీద మనసుంటే జేఈఈ మెయిన్ పేపర్ 2బీ రాసి బీప్లానింగ్ చేయాలి. విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. సైన్స్ ఇష్టమైతే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ చేసి, ఆంధ్రా యూనివర్సిటీ మీటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగానికి వెళ్లొచ్చు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్లోనే ఉన్నాయి. చేపలు దొరికే చోటు చెప్పే, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉంది. మీ సీఎస్ఈ కూడా వృథా పోదు. ఉపగ్రహ చిత్రాలు, వరద మోడళ్ల పని చాలావరకు కోడింగే.

జీతం సంగతి దాచను. పరిశోధన సంస్థల్లో మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులు, గడువుతో వచ్చే కాంట్రాక్టులు. పర్మనెంట్ పోస్టులు తక్కువ. చదువుకు అప్పు చేయాల్సి వస్తే, డిగ్రీ కాగానే జీతం ఇంటికి రావాల్సి ఉంటే, ముందు సీఎస్ఈ చేసి ఇటు మళ్లడమే మేలు.

పరీక్షలయ్యాక ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, మీ దగ్గరి గెడ్డ పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలను పోల్చి మ్యాప్ గీయమనండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మత్స్యకారులు ఒడ్డునే ఉంటారు, వాళ్లతోనూ మాట్లాడమనండి. నెల తిరిగేసరికి విసుగొస్తే మీ మాటే వింటుంది. రాకపోతే ఫీజు ఏ కోర్సుకు కట్టాలో మీకే తెలుస్తుంది.