టకటకమని ఆగిపోతోంది, ఈసీయూ పోయిందంటున్నారు

ప్రశ్న: సార్, మాది మణికొండ. సెకండ్ హ్యాండ్‌లో ఒక జర్మన్ సెడాన్ తీసుకున్నా, 2014 మోడల్, పెట్రోల్ ఆటోమేటిక్. దసరాకి ఊరెళ్ళొచ్చి చూస్తే స్టార్ట్ అవ్వట్లేదు. బటన్ నొక్కితే టకటకమంటుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ లైట్లు అన్నీ ఒకేసారి వచ్చేస్తున్నాయి. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ పోయింది, లక్షన్నర అవుద్ది అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి అండీ. మీరు చెప్పిన లక్షణాలన్నీ బ్యాటరీ వైపే చూపిస్తున్నాయి. ఈ కార్లలో బోలెడు కంట్రోల్ మాడ్యూల్స్ (చిన్న చిన్న కంప్యూటర్లు) ఉంటాయి, బటన్ నొక్కగానే స్టార్టర్ మోటార్ కరెంటంతా లాగేస్తుంది, బ్యాటరీ వీక్‌గా ఉంటే వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోయి మాడ్యూల్స్ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోలేక తలా ఒక ఎర్రర్ రాసిపెట్టేస్తాయి. స్కానర్‌లో కనపడేవి అవే. ఆ లిస్టు చూసి పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి, కారు మాత్రం కదలదు.

కోఠి గుజరాతీ గల్లీలో మామూలు మల్టీమీటర్ దొరుకుద్ది, ఒకటి కొనుక్కోండి. కారు రాత్రంతా ఆఫ్‌లో ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 12.6 వోల్టులు, అంతకన్నా ఎక్కువుంటే ఫుల్. 12.2 అంటే సగం. 12 లోపు చూపిస్తే దాదాపు ఖాళీ. ఫుల్‌గా ఉన్నా సరే బటన్ నొక్కినప్పుడు 9.6 కిందకి పడిపోతుంటే బ్యాటరీ లైఫ్ అయిపోయినట్టే. చాలా జర్మన్ కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, జంప్ స్టార్ట్ పాయింట్లు మాత్రం బానెట్ కింద ఇస్తారు, మాన్యువల్ చూసి అక్కడే కేబుల్స్ పెట్టండి. దయచేసి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) చెక్ చేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు, ఆ పాత పద్ధతితో వోల్టేజ్ ఒక్కసారిగా పెరిగి బాగున్న ఈసీయూ కూడా పోవచ్చు.

కొత్త బ్యాటరీ వేయించాల్సొస్తే పాతది ఏజీఎం (యాసిడ్‌ని గ్లాస్ ఫైబర్ మ్యాట్ పీల్చుకుని ఉండే రకం) అయితే మళ్ళీ ఏజీఎందే వేయించండి, బీఎండబ్ల్యూ లాంటి వాటిలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో రిజిస్టర్ కూడా చేయాలి, లేదంటే ఛార్జింగ్ పాత లెక్కల ప్రకారమే జరిగి కొత్తది కూడా తొందరగా పోతుంది. తర్వాత డ్రెయిన్ టెస్ట్ అడగండి, అంటే కారు ఆపేశాక కూడా బ్యాటరీ నుంచి ఎంత కరెంట్ పోతోందో చూడటం. లాక్ చేసి అన్నీ స్లీప్‌లోకి వెళ్ళాక 50 మిల్లీఆంపులు దాటకూడదు. బయట షాపులో పెట్టించిన డాష్‌క్యామ్ ఉంటే ముందు దాన్నే అనుమానించండి.

బ్యాటరీ బాగుండి అసలు చప్పుడే లేకపోతే కథ వేరు. బ్రేక్ తొక్కినప్పుడు వెనక బ్రేక్ లైట్లు వెలగట్లేదంటే బ్రేక్ స్విచ్ చూడాలి, అది సిగ్నల్ ఇవ్వకపోతే బటన్ పనిచేయదు. కీలో సెల్ అయిపోయినా అంతే. సెల్లార్ పార్కింగ్ అయితే ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూపించండి, మన అపార్ట్‌మెంట్లలో ఇది చాలా మామూలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మీరు లేనప్పుడు సెల్లార్‌లోకి నీళ్ళొచ్చాయా అని వాచ్‌మన్‌ని అడగండి. వచ్చాయంటే ఇక బటన్ ముట్టుకోవద్దు, ఇంజిన్‌లోకి నీళ్ళు పోయుంటే స్టార్ట్ చేసినప్పుడే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. 2020 అక్టోబర్ వరదల్లో సిటీలో ఎన్ని సెల్లార్లు మునిగాయో మీకు తెలుసు. ముందు ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఫ్లాట్‌బెడ్ (కారుని పైకెక్కించుకుని తీసుకెళ్ళే బండి) మీదే పంపండి, ఆటోమేటిక్ కాబట్టి తాడు కట్టి లాగించొద్దు.