సముద్రగుర్రాల పిల్లల్ని పెంచబోతున్న లావణ్యకు

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

సిడ్నీలో సముద్రగుర్రాల్ని పెంచి హార్బరులో వదిలే పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో పాటు గుబులూ పట్టుకుంది. తమిళనాడులోని మండపం ఊరి తీరంలో వలల్లో పడ్డవాటిని ఎండబెట్టి తూకానికి అమ్మడం చూసినవాణ్ణి. 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చాక గానీ మన దేశంలో ఆ వ్యాపారం నేరం కాలేదు. మన ఇంటి పిల్ల వాటిని తిరిగి సముద్రంలోకి పంపుతుందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఉప్పు, ఉష్ణోగ్రత రోజూ చూసుకో. వలతో నీళ్లలోంచి పైకెత్తకు. ఇవి నీకు తెలిసినవే.

జంటల్ని మాత్రం విడదీయకు. మీ దగ్గరి వైట్స్ అనే సముద్రగుర్రాల జాతిలో ఆడా మగా ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. తెల్లారగానే ఆడది మగదాన్ని వెతుక్కుంటూ వస్తుంది. రెండూ ఒళ్లు రంగు తేటపడి, ఒకే గడ్డిపరకను తోకలతో పట్టుకుని చుట్టూ తిరుగుతాయి. వీటిలో కడుపు మోసేది మగదే కదా, అది కడుపుతో ఉన్నన్నాళ్లూ రోజూ ఆ పలకరింపు ఉంటుంది. ఆ వేళ ట్యాంకు కడగడానికి చెయ్యి పెట్టినవాళ్లని నేనెంత తిట్టేవాణ్ణో మీ పెద్దమ్మనడుగు!

ఆడది గుడ్లు మగదాని సంచిలో పెట్టేసి వెళ్తుంది. ఫలదీకరణ అక్కడే. సంచి లోపలి పొర గుడ్ల చుట్టూ పెరిగి, ఆక్సిజనూ పోషకాలూ అందిస్తుంది. కాన్పు దగ్గరపడేకొద్దీ లోపలి నీటిని సముద్రపు నీటికి దగ్గరగా మారుస్తుంది. సుమారు మూడు వారాలకు, సంచి మూతి దగ్గరి కండరాల్ని బిగిస్తూ వదులుతూ పిల్లల్ని బయటికి చిమ్ముతుంది. ఆ కండరాల సంగతి 2022లో తేల్చింది మీ సిడ్నీ యూనివర్సిటీ వాళ్లే. తండ్రి సాకేది అంతవరకే. ఆ తర్వాత పిల్లల వైపు చూడదు, త్వరలోనే మళ్లీ గుడ్లకు సిద్ధమవుతుంది. సముద్రంలో వెయ్యి పుడితే ఐదు కూడా పెద్దవి కావంటారు. ట్యాంకులో అలా వదిలెయ్యడానికి నీకు వీల్లేదు, తల్లీ.

అందుకే నేను పనిచేసిన హేచరీలో, అంటే పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో, జరిగిన ఒక పొరపాటు వివరంగా రాస్తున్నాను. అప్పటి మా ఇన్‌ఛార్జి, పిల్లలకు మేత కనబడాలని ట్యాంకు పైన రాత్రంతా ట్యూబులైటు వెలిగించేవారు. పొద్దునకి సగం పిల్లలు తలలు పైకెత్తి నీటి మీద తేలుతుండేవి. ఆకలి అనుకున్నారాయన. అనుకోవడంలో వింత లేదు. సముద్రగుర్రానికి జీర్ణాశయం ఉండదు, తిన్నది చకచకా బయటికి పోతుంది, గంటగంటకీ తింటూనే ఉండాలి. ఇంకా ఆర్టీమియా, అంటే మేతగా వేసే సన్నటి ఉప్పునీటి రొయ్యల్ని, పోయించారు. మిగిలిన మేత కుళ్లింది, నీళ్లు పాడయ్యాయి, ఉన్నవీ పోయాయి. నిజానికి అవి లైటు కోసం పైకి చేరి, మేతతో పాటు గాలి మింగుతున్నాయి. ఆ గాలి లోపలే ఉండిపోతే కిందికి దిగలేవు, తినలేవు. 2000లో న్యూజిలాండ్ నుంచి ఒక పేపరు వచ్చింది. ట్యాంకు పైభాగాన్ని నల్లగా కప్పి, లైటు కింద పక్కనుంచి వేస్తే పిల్లలూ మేతా కిందికి దిగుతాయని అందులో ఉంది. అలా చేశాక మా ట్యాంకుల్లో తేలేవి బాగా తగ్గాయి. కాబట్టి పిల్లలు తేలుతుంటే ముందు లైటు చూడు, తర్వాతే మేత. కొంచెం కొంచెంగా చాలాసార్లు వెయ్యి. ఆర్టీమియా గుడ్ల పెంకులు వేరు చెయ్యడం మర్చిపోకు. బద్ధకిస్తే ఊరుకోను, అక్కడున్నావని కూడా చూడను!

పెరిగిన పిల్లల్ని సిడ్నీ హార్బరులోని క్లిఫ్టన్ గార్డెన్స్ దగ్గర 2020 నుంచి ఇనుప పంజరాల్లో వదులుతున్నారట. వాటి మీద నాచు, స్పాంజీలు పట్టి మెల్లగా గూడవుతుంది, ఇనుము తుప్పుపట్టి పోతుంది. చక్కటి ఆలోచన.

వాటిని లెక్కపెట్టడానికి నువ్వూ డైవింగ్‌కి దిగుతావని విన్నాను. నా గుబులంతా అక్కడే. తోడు లేకుండా దిగకు. జలుబు చేస్తే చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు, ఆ రోజు దిగనని మొహమాటం లేకుండా చెప్పెయ్యి. మీ అమ్మకి డైవింగ్ మాట నేనింకా చెప్పలేదు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు నువ్వే చెప్పు.

మీ పెదనాన్న